ముందు రిజిస్ట్రారు ఆఫీసు చూసి రండి



ఇంట్లో బీరువాలో స్థలం కాగితమో ఇంటి కాగితమో ఉన్నవాళ్లు తీరిక చూసుకుని ఒకసారి దాన్ని బయటికి తీయండి. దాని మీద ఒక నంబరు ఉంటుంది. 2314 బై 2009 అనుకుందాం. ఫలానా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో, 2009వ సంవత్సరంలో, ఒకటో పుస్తకంలోకి ఎక్కిన 2314వ దస్తావేజు అని దానర్థం. ఏడాది మారితే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. అమ్మినవారెవరు, కొన్నవారెవరు, పొలమా ప్లాటా, ఏ ఊరు, ఎంత ధర, ఇవేవీ ఆ నంబరు చెప్పదు. చెప్పకపోవడమే దాని గొప్ప. యజమాని మారతాడు, పొలం ప్లాట్లవుతుంది, పంచాయతీ వెళ్లి మున్సిపాలిటీలో కలుస్తుంది, జిల్లా పేరే మారిపోతుంది. 2314 బై 2009 మాత్రం కదలదు. నంబర్లు ఇలా ఏడాదికొక వరసలో పడాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే రాసిపెట్టారు.

నా ఉద్యోగం పెద్ద సంస్థల కాగితాలకు కంప్యూటర్‌లో చోటు ఏర్పాటు చేయడం. కాగితాలంటే ఉత్తరాలు, ఒప్పందాలు, ఇంజనీరింగ్ డ్రాయింగులు, బిల్లులు, ఫొటోలు, ఈమెయిళ్లు, అన్నీ. ఈ వ్యవస్థకు ఎంటర్‌ప్రైజ్ కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని పెద్ద పేరు. ఆఫీసుల్లో డీఎంఎస్ అనో, ఏకంగా ‘ఆ సాఫ్ట్‌వేర్’ అనో అంటారు. దాన్ని కట్టేటప్పుడు తీసుకోవలసిన నిర్ణయాల గురించే ఈ ప్రసంగం. రిజిస్ట్రారు ఆఫీసుకు దీంతో ఏం పని అంటారేమో. ఆ నిర్ణయాల్లో ముఖ్యమైనవి చాలావరకు అక్కడ ఎప్పుడో తీసుకున్నారు. కంప్యూటర్ పుట్టకముందే.

ఇలాంటి పనికి మొదటి సమావేశం ఎలా నడుస్తుందో చెబుతాను. ఐటీ వాళ్లు ఏ కంపెనీ సరుకు కొందామని అడుగుతారు. ప్రచార విభాగం వాళ్లు హోం పేజీ రంగు గురించి అడుగుతారు. ఎండీ గారు ఫోన్‌లో కనిపిస్తుందా అంటారు. మూడు ప్రశ్నలకూ జవాబులు తేలికే, తప్పు పోయినా దిద్దుకోవచ్చు. దిద్దుకోలేనివి వేరే ఉన్నాయి. లోపలికి వచ్చిన కాగితంలో ఇక ఎవరూ మార్చకూడనిది ఏది? ఎవరు చూడొచ్చు, ఎప్పటినుంచి చూడొచ్చు? ఎన్నాళ్లు ఉంచాలి? వీటికి జవాబు చెప్పగలిగిన మనిషి రికార్డు గదిలో ఇరవై ఏళ్లుగా కూర్చున్న గుమాస్తా. ఆయన్ని ఆ సమావేశానికి పిలవరు.

నంబరు సంగతితోనే మొదలుపెడదాం. కలెక్టరేట్లలో ఫైలు నంబరు ఆర్‌సీ నంబర్ ఎ1 అని మొదలవుతుంది. ఎ1 అంటే ఆ గుమాస్తా సీటు. చూడగానే ఎవరి బల్ల మీదికి వెళ్లాలో తెలిసిపోతుంది కాబట్టి చేతి పనికి అది బాగానే ఉంటుంది. కంపెనీలు కూడా ఇదే కోరతాయి. నంబరులో శాఖ పేరు, ప్లాంటు పేరు, ప్రాజెక్టు పేరు అన్నీ కూరమంటాయి. రెండేళ్లలో శాఖలు కలిసిపోతాయి, సీట్లు మారతాయి, ప్లాంటు అమ్ముడుపోతుంది. అప్పుడు నంబరు అబద్ధం చెబుతూ కూర్చుంటుంది. మార్చుదామంటే దాన్ని ఉటంకిస్తూ వెళ్లిన ఉత్తరాలు వందల్లో ఉంటాయి. అందుకే నేను ఒప్పుకోను. నంబరుకు అర్థం ఉండకూడదు, అర్థాలన్నీ పక్కన వేరే గడుల్లో ఉండాలి. ఈ ఒక్క మాట మీద సగం రోజు వాదన జరిగిన ఆఫీసులున్నాయి.

జిల్లాల సంగతి చూడండి. 2016 అక్టోబరులో తెలంగాణలో పది జిల్లాలు ముప్ఫై ఒకటి అయ్యాయి, తర్వాత ముప్ఫై మూడు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు ఇరవై ఆరయ్యాయి. కాగితాలను జిల్లావారీ ఫోల్డర్లలో పెట్టుకున్న సంస్థల్లో ఆ వారమంతా గందరగోళమే. 2010లో రంగారెడ్డి జిల్లా అని రాసుకున్న ఒప్పందం ఇప్పుడు మేడ్చల్ మల్కాజ్‌గిరి ఫోల్డర్‌లోకి వెళ్లాలా, పాత చోటే ఉండాలా? వెళ్తే కాగితంలో ఉన్న పేరుకూ ఫోల్డర్ పేరుకూ పొత్తు కుదరదు. ఉండిపోతే కొత్త జిల్లా ఆఫీసులో వెతికేవాళ్లకు దొరకదు. రెండు గడులు పెట్టుకోవడమే దీనికి విరుగుడు. కాగితం పుట్టిన రోజున ఉన్న జిల్లా ఒకటి, దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఇప్పుడు ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో చెప్పేది ఇంకొకటి, అది ఊరి జాబితా నుంచి తనంతట తానే వస్తుంది, జాబితా మారితే తానూ మారుతుంది.

ఫోల్డర్ అనేది అసలు ఇనప బీరువా నాటి ఆలోచన. ఒక కాగితం ఒక అరలోనే పడుతుంది. సిమెంటు సరఫరా ఒప్పందం కొనుగోళ్ల వాళ్లదా, లీగల్ వాళ్లదా, విశాఖ ప్రాజెక్టుదా? ముగ్గురిదీ. దీని మీద మన దేశంలోనే ఒకాయన జీవితమంతా ఆలోచించాడు. మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ ఎస్.ఆర్. రంగనాథన్. 1933లో ఆయన అచ్చు వేసిన కోలన్ వర్గీకరణలో పుస్తకానికి ఒకే అర కేటాయించడం కాకుండా, దాన్ని అనేక ముఖాల నుంచి చూసి, ఒక్కో ముఖానికీ ఒక గుర్తు ఇచ్చి, వాటిని జోడించాడు. విషయం, స్థలం, కాలం ఆ ముఖాల్లో కొన్ని. ఇవాళ ఏ షాపింగ్ యాప్‌లోనైనా ధర, రంగు, సైజు అని ఎడమ పక్కన టిక్కు పెట్టుకుంటున్నామే, దాని వెనక ఉన్నదీ ఆ ఆలోచనే.

అయితే ముఖాలు ఎక్కువైతే వేరే తిప్పలు. కాగితం లోపలికి ఎక్కించాలంటే పద్నాలుగు గడులు నింపమని తెర అడిగిందనుకోండి, మనవాళ్లు మొదటి రెండూ నింపి మిగతా పన్నెండులో చుక్క పెడతారు. గడి ఖాళీగా లేదు కాబట్టి కంప్యూటర్ సంతోషిస్తుంది. ఏడాది తర్వాత తీసి చూస్తే వేల కాగితాల మీద సరఫరాదారు పేరు చుక్క. రిజిస్ట్రారు ఆఫీసులో ఈ ఆట సాగదు. సర్వే నంబరు, నాలుగు హద్దులు సరిగ్గా లేకపోతే దస్తావేజు తిరగ్గొట్టే అధికారం ఎదురుగా కూర్చున్న మనిషికి ఉంది. కంపెనీలో అలాంటి మనిషి ఉండడు. అందుకని మనిషిని అడిగే గడులు మూడో నాలుగో పెట్టి, మిగతావి పని జరిగే చోటు నుంచే తీసుకోవాలి. కొనుగోలు ఆర్డరు తెర మీద నుంచి ఎక్కిస్తే ఆర్డరు నంబరు, సరఫరాదారు, ప్లాంటు పేరు మళ్లీ అడగాల్సిన అవసరం ఏముంది?

ఇప్పుడు కార్డ్ కథకు వస్తాను. కంప్యూటర్ ఎయిడెడ్ అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ రిజిస్ట్రేషన్ డిపార్ట్‌మెంట్. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. అంతకుముందు రిజిస్ట్రేషన్ అయిన ప్రతి దస్తావేజునూ గుమాస్తా పెద్ద పుస్తకంలోకి చేత్తో అక్షరం అక్షరం ఎక్కించేవాడు. ఆ నకలు పూర్తయ్యేదాకా అసలు కాగితం ఆఫీసులోనే. ఈసీ, అంటే ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, కావాలంటే ఏళ్ల తరబడి ఉన్న సూచికలను ఒక్కొక్కటీ తిప్పాలి. కార్డ్ వచ్చాక దస్తావేజును స్కాన్ చేసి బొమ్మగా దాచారు. ఈసీకి కావలసిన వివరాలను, అంటే పేర్లు, ఊరు, సర్వే నంబరు, ఇంటి నంబరు, తేదీలను, విడిగా టైపు చేశారు.

ఇదొక మామూలు సంగతిలా అనిపిస్తుంది గానీ, నా లెక్కలో మంచి నిర్ణయం అంటే అదే. దస్తావేజు మొత్తం టైపు చేయించి ఉంటే తప్పులు పడేవి, సంతకాలు, వేలిముద్రలు పోయేవి, పని ఎప్పటికీ తెమిలేది కాదు. ఒట్టి బొమ్మలే దాచి ఉంటే వెతకడానికి దారి ఉండేది కాదు. సాక్ష్యానికి బొమ్మ, వెతుకులాటకు వివరాలు. రెండు అవసరాలు, రెండు రూపాలు. ఈ తేడా పట్టుకోని సంస్థలు ఇవాళ్టికీ లక్షల పేజీలు స్కాన్ చేయించి హార్డ్‌డిస్కుల్లో నింపుకుని, డిజిటల్ అయిపోయామంటున్నాయి. వాటిలో ఒక కాగితం కావాలంటే ఆ స్కానింగ్ చేసిన కుర్రాడికే ఫోన్ చేయాలి.

ఇంకో ప్రశ్న, వెనక్కి ఎంత దూరం వెళ్లాలి? రిజిస్ట్రారు ఆఫీసుల్లో బ్రిటిషువాళ్ల నాటి పుస్తకాలున్నాయి. అవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కే దాకా ఆగితే కార్డ్ పుట్టేదే కాదు. కంప్యూటర్ ఈసీ ఎప్పటినుంచి దొరుకుతుందో అడిగి చూడండి, 1983 అంటారు. 1998 నుంచి వెనక్కి 15 ఏళ్లు. అంతకుముందుది కావాలంటే ఆఫీసుకు వెళ్లి చేతి వెతుకులాట చేయించుకోవాలి. బ్యాంకు 13 ఏళ్ల ఈసీ అడిగితే ఆనాడు ఆ గీత లోపలే పని జరిగిపోయేది. 30 ఏళ్లది అడిగినవాళ్లకు తిప్పలు తప్పలేదు. గీత ఎక్కడో ఒకచోట గీయాలి, గీశారు. కంపెనీలతో మాట్లాడేటప్పుడు నేను ఈ 1983ను తరచు వాడుకుంటాను. పాతవన్నీ ఎక్కించాకే మొదలుపెడదాం అన్నవాళ్లది ఇంతవరకూ మొదలు కాలేదు.

హక్కుల సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ప్రతి ఆఫీసులో నాలుగు పుస్తకాలు. స్థిరాస్తుల దస్తావేజులు ఒకటో పుస్తకంలో, రిజిస్ట్రేషన్ నిరాకరించిన కారణాలు రెండో పుస్తకంలో, వీలునామాలు మూడోదాంట్లో, ఇతరత్రా దస్తావేజులు నాలుగోదాంట్లో. ఒకటి, రెండు పుస్తకాలను ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. ఆ స్థలంతో మీకేం పని అని అడగడానికి లేదు. నాలుగో పుస్తకంలో నకలు కావాలంటే ఆ దస్తావేజు రాసిన వాళ్లో, దాని వల్ల హక్కు వచ్చిన వాళ్లో, వాళ్ల తరఫువాళ్లో అయి ఉండాలి. మూడో పుస్తకం ఇంకా చిత్రం. వీలునామా రాసిన మనిషి బతికి ఉన్నంత కాలం నకలు ఆయనకో ఆయన ఏజెంటుకో తప్ప ఇవ్వరు. కన్నుమూశాక దరఖాస్తు పెట్టిన ఎవరికైనా ఇస్తారు. కాగితం అదే, అడిగే మనిషీ అదే. ఒక సంఘటన జరిగింది, హక్కు మారిపోయింది.

కంపెనీల్లో అనుమతులు పెట్టేటప్పుడు ఎవరు అనేదే అడుగుతారు, ఎప్పుడు అనేది మరిచిపోతారు. టెండరు కవర్లు తెరిచే గంట దాకా కొనుగోళ్ల అధికారి కూడా ధరలు చూడకూడదు, తెరిచాక పాల్గొన్నవాళ్లందరూ చూడాలి. దీన్ని అనుమతుల నమూనాలోనే రాయకపోతే ఎవరో ఒకరు ఆ గంటకు కూర్చుని చేత్తో తాళం తీయాలి. అంటే ముందే తీయగలిగిన మనిషి ఒకడు ఉన్నట్టే.

ఎవరు అనే దాంట్లోనూ ఒక చిక్కుంది. అనుమతి మనిషికి ఇస్తారా, కుర్చీకి ఇస్తారా? ప్రభుత్వ ఉత్తరాలు హోదా పేరుతోనే వెళ్తాయి, బదిలీ మీద వచ్చిన కొత్తాయన చార్జి తీసుకోగానే ఫైళ్లన్నీ ఆయనవి. ప్రైవేటు ఆఫీసుల్లో అన్నీ మనిషి పేరు మీద ఉంటాయి. ఆయన ఉద్యోగం మానేసిన రోజు లాగిన్ మూసేస్తారు, ఆయన దగ్గర ఆగిన ఒప్పందాలు లోపలే ఉండిపోతాయి. అనుమతి కుర్చీకి ఇవ్వాలి, చేసిన పని మాత్రం మనిషి పేరు మీద నమోదు కావాలి. మూడేళ్ల తర్వాత ఆ మంజూరు ఎవరు ఇచ్చారని ఆడిట్ వాళ్లు అడిగితే ‘జనరల్ మేనేజర్’ అని చెప్పి తప్పించుకోవడానికి ఉండకూడదు.

తప్పు పడితే? దస్తావేజులో సర్వే నంబరు 45 బై 1 ఎ అని ఉండాల్సిన చోట 45 బై 1 అని పడింది అనుకోండి. పుస్తకం తీసి కొట్టేసి దిద్దరు. ఇద్దరూ మళ్లీ వచ్చి సవరణ దస్తావేజు రాసుకోవాలి. దానికి దాని నంబరు, ఫలానా పాత దస్తావేజుకు సవరణ అని అందులో ఉంటుంది. పాతది తప్పుతో సహా అలాగే ఉంటుంది. మన ప్రభుత్వ ఆఫీసుల్లో నడిచే ఈ-ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే పద్ధతి. పసుపు నోటు చిత్తుప్రతి, దిద్దుకోవచ్చు, పారేయొచ్చు. ఆకుపచ్చ నోటు రాసి పైకి పంపితే ఇక అంతే, కింద ఇంకో నోటు రాయాల్సిందే. కంపెనీల వాళ్లకు ఇది నచ్చదు. చిన్న అచ్చుతప్పుకు ఇంత తతంగమా అంటారు. చిత్తు దశ ఎక్కడ ముగుస్తుందో మీరే చెప్పండి, ఆ తర్వాత మాత్రం నాకైనా దిద్దే దారి ఉండదు అంటాను. ఆ గీత ఎక్కడ గీయాలో తేల్చుకోవడానికి లీగల్ వాళ్లకూ ఇంజనీర్లకూ నెల పట్టినా పట్టనివ్వండి.

తెలుగు కాగితాలు ఉన్నచోట ఇంకో తలనొప్పి. యూనికోడ్‌లో తెలుగు మొదటినుంచీ ఉన్నా, మన ఆఫీసులు, ప్రెస్సులు చాలా కాలం అను లాంటి ఫాంట్ల మీద నడిచాయి. తెర మీద తెలుగే కనిపిస్తుంది, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. ఆ ఫైళ్లను మార్చకుండా ఎక్కిస్తే వాటిలో ఒక్క పేరు కూడా దొరకదు. సరే, అన్నీ యూనికోడ్‌లోకి మార్చాం, అయిపోయిందా? ‘సబ్‌రిజిస్ట్రార్’ అని టైపు చేసేటప్పుడు ‘బ్’కూ ‘రి’కీ మధ్య కంటికి కనపడని సంకేతం ఒకటి వేస్తారు. వేయకపోతే ర ఒత్తు వెళ్లి బ కింద చేరుతుంది. ఒకరు వేస్తారు, ఒకరు వేయరు. కంప్యూటర్‌కు ఇవి రెండు వేర్వేరు మాటలు, ఒకటి వెతికితే రెండోది రాదు. ‘హైదరాబాద్’లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. రెండూ ఒకటేనని యూనికోడ్ నియమం చెబుతుంది, సాఫ్ట్‌వేర్‌కు మనం చెప్పాలి. ఇక వేంకటేశ్వర్లు, వెంకటేశ్వరులు, వెంకటేశ్వర్లు ఒకే మనిషి అయ్యే అవకాశం సంగతి సరేసరి. కొనేముందు మీ సొంత కాగితాలు యాభై ఇచ్చి, మీ ఊరి పేర్లతో వెతికించి చూడండి. అమ్మేవాళ్లు తెచ్చిన నమూనా కాగితాల్లో అన్నీ చక్కగా దొరుకుతాయి.

పారేయడం గురించి ఎవరూ మాట్లాడరు. డిస్కులు చవక, ఉంచితే పోలా అంటారు. పాత కలెక్టరేట్ పద్ధతిలో ఫైలు ముగించేటప్పుడే గుమాస్తా దాని ఆయుష్షు రాసేవాడు. ఎల్.డిస్. అంటే ఏడాది, డి.డిస్. అంటే పదేళ్లు, ఆర్.డిస్. అంటే శాశ్వతం. ఫైలులో ఏముందో బాగా గుర్తున్న మనిషి, గుర్తున్న రోజునే తేల్చేవాడు. ఇప్పుడు ఇది ఇంకా అవసరం. కంపెనీల చట్టం లెక్కల పుస్తకాలను కనీసం ఎనిమిదేళ్లు ఉంచమంటుంది. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టమేమో, తీసుకున్న పని అయిపోయాక, వేరే చట్టం ఉంచమంటే తప్ప, మనుషుల వివరాలు చెరిపేయమంటుంది. దరఖాస్తు పెట్టి ఉద్యోగం రాని వేలమంది ఆధార్ నకళ్లు మీ దగ్గర ఎందుకున్నాయని అడిగితే డిస్కులు చవక అని చెప్పలేం కదా. కాగితం రకం నిర్ణయించిన రోజే దాని ఆయుష్షూ నిర్ణయించాలి. కోర్టు కేసు ఉంటే ఆ గడియారం ఆపే మీట కూడా ఉండాలి, అది ఎవరి చేతిలో ఉండాలో రాతలో ఉండాలి.

చివరగా, బయటికి వచ్చే దారి. ఈ రంగంలో కంపెనీలు ఎన్ని చేతులు మారాయో చెబితే పొద్దుపోతుంది. 1990లో పుట్టిన డాక్యుమెంటమ్‌ను 2003లో ఈఎంసీ కొంది, ఈఎంసీ వెళ్లి డెల్‌లో కలిసింది, అక్కడి నుంచి డాక్యుమెంటమ్ 2017లో ఓపెన్‌టెక్స్ట్‌కు వెళ్లింది. 2001లో మన పార్లమెంటు రిజిస్ట్రేషన్ చట్టానికి 16ఎ అని ఒక సెక్షన్ చేర్చింది. పుస్తకాలను కంప్యూటర్ ఫ్లాపీల్లో, డిస్కెట్లలో, లేదా మరే ఎలక్ట్రానిక్ రూపంలోనైనా ఉంచుకోవచ్చని. ఇవాళ ఫ్లాపీ పెట్టి చదివే కంప్యూటర్ ఎక్కడ దొరుకుతుంది? ఆ ‘మరే రూపంలోనైనా’ అన్న మాట రాసిన వాళ్లెవరో గాని, ముందుచూపున్న మనిషి.

మీ ఒప్పందంలోనూ ఆ మాట ఉండాలి. కాగితాలు మాత్రమే తిరిగి ఇస్తే చాలదు. నంబర్లు, గడులు, పాత ప్రతులు, ఎవరు ఎప్పుడు చూశారన్న చిట్టా, ఏ సవరణ దేనికన్న లంకె, అన్నీ వేరే సాఫ్ట్‌వేర్ చదవగలిగే రూపంలో బయటికి రావాలి. వస్తాయని నోటితో చెప్పడం కాదు. మొదటి ఏడాదిలోనే వెయ్యి కాగితాలు అలా బయటికి తీయించి, వేరేచోట ఎక్కించి, ఐదారు సవరణల లంకెలు సరిగ్గా తెగకుండా వచ్చాయో లేదో చూసుకోండి. అమ్మినవాళ్లు కొంత గడువు అడుగుతారు, ఇవ్వండి. బిల్లులో చివరి వాయిదా మాత్రం ఆ పరీక్ష అయ్యాకే.